కంచె ఎవరిని ఆపుతుంది? సరిహద్దు గోడల మీద మన రెండు జిల్లాల మాట

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం
శనివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. వచ్చే గురువారం మా తరగతిలో వాదోపవాదం ఉంది. అంశం: సరిహద్దు గోడలు దేశాల మధ్య శాంతిని పెంచుతాయా? చీటీ తీస్తే "పెంచుతాయి" అని వాదించే పక్షం నాకు వచ్చింది. చదువుతున్నకొద్దీ ఆ పక్షాన నిలబడడం కష్టంగా ఉంది.

బెర్లిన్ గోడను 1961 ఆగస్టు 13న మొదలుపెట్టారు. 1989 నవంబరు 9న దాని ద్వారాలు తెరుచుకున్నాయి. ఈ మధ్యలో ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. అది కూలిన నాటికి ప్రపంచంలో ఇలాంటి గోడలు, కంచెలు 15 వరకు ఉండేవని, ఇప్పుడు 70 దాటాయని పరిశోధకులు లెక్క చెబుతున్నారు. ఆ గోడ కాంక్రీటు ముక్కలను ప్రదర్శనశాలల్లో దాచుకున్న కాలంలోనే కొత్తవి ఇన్ని ఎందుకు లేచాయి?

పుస్తకాల్లో ఉన్నది నేను చదువుకుంటాను. సరిహద్దుల్లో పనిచేసినవారు, వాటి వల్ల ఇబ్బంది పడ్డవారు మన వైపు చాలామంది ఉన్నారు. మీరు చూసింది చెప్పండి.


కోటబొమ్మాళి_జవాను
శనివారం రాత్రి 10.25

అమ్మా, నేను సరిహద్దు భద్రతా దళంలో పనిచేసి ఇంటికి వచ్చినవాణ్ని. కొన్నేళ్లు పంజాబ్‌లో, కొన్నేళ్లు పశ్చిమ బెంగాల్‌లో కూచ్ బెహార్ వైపు చేశాను. నీ పక్షం బలహీనమైనదేమీ కాదు, భయపడకు.

పంజాబ్ సరిహద్దులో కంచె వేయడం 1980ల చివర మొదలైంది. అంతకుముందు మనుషులు, తుపాకులు పొలాల్లోంచి రాత్రికి రాత్రి దాటిపోయేవి. ఆ రోజుల్లో పంజాబ్‌లో ఎంతమంది మామూలు జనం చనిపోయారో మీ తరానికి తెలియదు. కంచె, దాని వెంట దీపాలు వచ్చాక ఆ రాకపోకలు బాగా తగ్గాయి. ఆ దీపాల వరుస అంతరిక్షం నుంచి కూడా నారింజ రంగు గీతలా కనిపిస్తుంది. 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఫొటో ఉంది, చూడు. చలికాలం పొగమంచులో ఆ గీత కింద రాత్రంతా నిలబడినవాణ్ని అడిగితే కంచె అవసరమా అన్న ప్రశ్నే రాదు. వెనక ఊరు నిద్రపోవాలంటే ఏదో ఒకటి అడ్డు ఉండాలి.

ఒక్క విషయం మాత్రం సరిగ్గా తెలుసుకో. కంచె సరిహద్దు గీత మీదే ఉంటుందని అందరూ అనుకుంటారు. బంగ్లాదేశ్‌తో 1975లో కుదిరిన మార్గదర్శకాల ప్రకారం గీతకు 150 గజాల లోపు రక్షణ కట్టడాలు కట్టకూడదు. అందుకని మన కంచె మన నేలలోనే వెనక్కి జరిగి ఉంటుంది. కంచెకు అవతల మన పొలాలు, కొన్నిచోట్ల మన ఊళ్లే ఉండిపోయాయి. ఆ రైతు తన చేలోకి వెళ్లాలంటే గేటు దగ్గర గుర్తింపు కార్డు అప్పగించి, పుస్తకంలో పేరు రాయించుకుని వెళ్లాలి. గేటు మూసే వేళకు తిరిగి రావాలి. పంజాబ్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. అక్కడ పొలం పనికి వచ్చే ఆడవారిని సోదా చేయడానికి మా దళంలో ఆడవారు లేక వారికీ ఇబ్బంది, మాకూ ఇబ్బంది. 2009లో మహిళా కానిస్టేబుళ్లు వచ్చాకే ఆ చిక్కు తీరింది.


నౌపడ_మాస్టారు
ఆదివారం ఉదయం 6.50

నేను చరిత్ర చెప్పిన బడిపంతుల్ని. మా ఊరు ఉప్పు మళ్ల ఊరు. అందుకే ఈ ప్రశ్న చూడగానే నాకు గుర్తుకొచ్చింది ఉప్పు కోసం పెంచిన కంచె. మన దేశంలో కంచెల కథ 1947తో మొదలు కాలేదమ్మా.

ఉప్పు మీద బ్రిటిష్ ప్రభుత్వం పన్ను వేసింది. ఒక్కో ప్రాంతంలో ఒక్కో రేటు. తక్కువ పన్ను ఉన్న చోటు నుంచి ఎక్కువ పన్ను ఉన్న చోటికి ఉప్పు జారిపోకుండా దేశానికి అడ్డంగా ఒక సుంకపు గీత గీశారు. 1869 నాటికి అది సింధు నది దగ్గర నుంచి మహానది దాకా 3,700 కిలోమీటర్లు ఉండేది. కాపలాకు దాదాపు 12,000 మంది. మొదట ఎండు కంప పేర్చారు. ఎండు కంప చెదలు పట్టిపోయేది, గాలికి ఎగిరిపోయేది, అంటుకుంటే మైళ్ల పొడవునా బూడిదయ్యేది. అప్పుడు బతికిన కంచె పెంచుదామనుకున్నారు. తుమ్మ, రేగు, వాక, నాగజెముడు నాటారు. నేల పనికిరాని చోట గట్టు వేసి, ఎరువు తోలి, నీళ్లు పోసి పెంచారు. మొక్క మొలవని రాతి నేలలో గోడ కట్టారు. కొంతకాలం ఈ శాఖకు అధిపతిగా ఉన్నవాడు ఏ.ఓ. హ్యూమ్, తర్వాత 1885లో కాంగ్రెస్ స్థాపనకు ముందు నిలిచిన హ్యూమే. చెట్ల మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి, ఆ చెట్లతో అడ్డుకున్నది పేదవాడి గుప్పెడు ఉప్పును. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది మింగుడు పడదు.

ఇక నీ చర్చకు పనికొచ్చే సంగతి. ఆ కంచెను ఎవరూ బద్దలు కొట్టలేదు. 1879లో దాన్ని వదిలేశారు, ఎందుకంటే రెండు వైపులా పన్ను రేట్లను దగ్గరికి తెచ్చారు, దొంగతనంగా దాటించే లాభం పోయింది. లాభం పోయిన రోజున కంచెకు పని లేకుండా పోయింది. ఉప్పు పన్ను మాత్రం 1947 దాకా ఉండనే ఉంది. కాబట్టి ఏ గోడ దగ్గరైనా మొదట అడగవలసింది, దాటేవాడికి అటు ఏముంది, ఇటు ఏమి లేదు అని.


పలాస_జీడితోట
ఆదివారం ఉదయం 8.15

మాస్టారూ, మీ కథ బాగుంది, కానీ పన్ను వేరు, మనుషుల భయం వేరు. కంచె కోరుకునేది ఎప్పుడూ బలవంతుడే అన్నట్టు మాట్లాడడం న్యాయం కాదు. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడుతున్నవారికి వ్యతిరేకంగా అస్సాంలో 1979 నుంచి ఆరేళ్ల పాటు విద్యార్థులు ఉద్యమం చేశారు. 1985 ఆగస్టు 15న కుదిరిన ఒప్పందంలో సరిహద్దును గోడలతో, ముళ్లతీగతో పటిష్ఠం చేయాలన్నది ఒక షరతు. త్రిపురలో ఆదివాసులు తమ సొంత నేల మీదే అల్పసంఖ్యాకులయ్యారు. వారి భయాన్ని దురభిమానం అని కొట్టిపారేస్తామా?

మన దగ్గరే చూడండి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకుండా 1970 నాటి 1వ నంబరు చట్టం ఉంది. అదీ ఒక కంచే. అది లేకపోతే మన కొండల్లో సవర, జాతాపు కుటుంబాలకు సెంటు భూమి మిగిలేదా? చిన్నవాడికి కంచె కావాలి. పెద్దవాడు కంచె లేకపోయినా బతుకుతాడు.


నాగావళి_ఒడ్డు
ఆదివారం ఉదయం 8.40

ఏజెన్సీ చట్టాన్ని ఇలా చూడాలని నాకు తోచనే లేదు. నా వాదనలో ఇది తప్పకుండా వాడుకుంటాను. ధన్యవాదాలండీ.


బొబ్బిలి_ఆడపడుచు, ప్రస్తుతం టూసాన్, అరిజోనా
ఆదివారం ఉదయం 10.05

మా ఇంటి నుంచి మెక్సికో సరిహద్దు గంటన్నర ప్రయాణం లోపే. ఆ ఇనుప కమ్మీల కంచెను దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొత్తం సరిహద్దు దాదాపు 3,145 కిలోమీటర్లు. కంచె అంతటా లేదు. 1990లలో మొదట శాన్ డియాగో లాంటి నగరాల దగ్గర గట్టిగా కాపలా పెట్టారు. 2006లో చట్టం చేసి వందల మైళ్లు పెంచారు. నగరాల దగ్గర దారి మూసుకుపోతే జనం రావడం మానలేదు, ఎడారి మీదుగా నడవడం మొదలుపెట్టారు. ఇక్కడ వేసవిలో మన రెంటచింతల ఎండ కూడా చిన్నబోతుంది. ఏటా ఎడారిలో శవాలు దొరుకుతూనే ఉన్నాయి. దప్పికతో పోయేవారి కోసం నీళ్ల పీపాలు పెట్టి వచ్చే స్వచ్ఛంద సేవకులు మా ఊళ్లో ఉన్నారు. టోహోనో ఓధమ్ అనే ఆదివాసుల నేల ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉంది. బంధువుల ఇంటికి, పూజాస్థలాలకు వెళ్లడానికి వాళ్లకు ఇప్పుడు అనుమతులు కావాలి. పలాస వారు అన్న చిన్నవాడు ఇక్కడ కంచె కోరలేదు, కంచె వచ్చి అతని మీద పడింది.

మరో సంగతి. చట్టం దృష్టిలో అక్రమంగా ఉంటున్నవారిలో చాలామంది గోడ దాటి రాలేదు. వీసా మీద విమానంలో దిగి, గడువు దాటినా ఉండిపోయినవారు. గోడ లేని చోట క్షేమం అనుకోవడానికీ లేదు. 2022 జనవరిలో కెనడా వైపు నుంచి మంచులో నడిచి వస్తూ గుజరాత్‌కు చెందిన ఒక కుటుంబం, ఇద్దరు పిల్లలతో సహా నలుగురూ గడ్డకట్టి చనిపోయారు. సరిహద్దు అక్కడికి కొద్ది మీటర్లే. ఆ వార్త చదివిన రోజు నేను వంట చేయలేకపోయాను.


విజయనగరం_వకీలు
ఆదివారం మధ్యాహ్నం 12.30

చట్టం వైపు నుంచి రెండు మాటలు. సొంత నేల మీద కంచె కట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, అందులో వివాదం లేదు. ఎవరి నేల మీద కట్టారన్న దగ్గర తగాదా. ఇజ్రాయెల్ 2002లో వెస్ట్ బ్యాంక్ వద్ద మొదలుపెట్టిన అడ్డుగోడకు అనుకున్న పొడవు దాదాపు 700 కిలోమీటర్లు. అసలు హద్దు గీత అందులో సగం కూడా లేదు. గీత వెంట పోకుండా మెలికలు తిరిగి అవతలి నేలలోకి చొచ్చుకుపోయింది కనుకే అంత పొడవు. మన ఊళ్లలో పొలం గట్టును ఏటా ఒక జాన జరిపే పెద్దరైతును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2004 జూలై 9న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత ప్రాంతంలో ఆ గోడ నిర్మాణం చట్టవిరుద్ధమని సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. గోడ ఆగలేదు.

గాజా దగ్గర కథ వేరు. అక్కడ భూగర్భంలో సైతం సెన్సర్లు పెట్టి, 65 కిలోమీటర్ల పొడవున కట్టిన కొత్త అడ్డంకి 2021లో పూర్తయింది. 2023 అక్టోబరు 7న హమాస్ సాయుధులు దాన్ని చాలా చోట్ల బద్దలు కొట్టి లోపలికి వచ్చారు. యంత్రం చూసుకుంటుందన్న ధీమా ఎంత ప్రమాదమో జవాను గారే చెప్పాలి.


కోటబొమ్మాళి_జవాను
ఆదివారం మధ్యాహ్నం 2.10

నిజమే వకీలు గారూ. కాపలా లేని కంచె కోయడానికి ఒక కటింగ్ ప్లేరు చాలు. ధుబ్రీ దగ్గర బ్రహ్మపుత్ర ప్రతి వర్షాకాలం దారి మార్చుకుంటుంది, అక్కడ స్తంభం పాతే వీలే లేదు. 2019లో 61 కిలోమీటర్ల మేర కెమెరాలు, సెన్సర్లు అమర్చారు. ఇప్పుడు పంజాబ్‌లో హెరాయిన్ డ్రోన్ల మీద కంచె పైనుంచి వస్తోంది. జమ్మూ వైపు సొరంగాలు దొరికాయి.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పశువుల దొంగరవాణాలో కాపలా వాళ్లలోనే కొందరు చేయి తడుపుకున్న కేసులు ఉన్నాయి. కంచే చేను మేసిన సందర్భాలు. 2011 జనవరి 7న కూచ్ బెహార్ సరిహద్దులో 15 ఏళ్ల బంగ్లాదేశ్ అమ్మాయి కంచె దాటుతూ, బట్టలు ముళ్లతీగకు చిక్కుకుని కేక వేసింది. కాల్పుల్లో చనిపోయింది. గంటల తరబడి ఆ శరీరం కంచెకు వేలాడింది. నేను అక్కడ లేను. ఉన్నా లేకపోయినా ఆ ఫొటో మా అందరి ఇళ్లకూ వచ్చింది. మా అమ్మాయిది అప్పుడు అదే వయసు.

నేను ఇప్పటికీ కంచె కావాలనే అంటాను. కానీ కంచెను చూసి మంచిచెడ్డలు తేల్చకు తల్లీ, గేటును చూడు. గేటు ఎన్ని గంటలకు తెరుస్తారు, పురిటి నొప్పులు వస్తే రాత్రిపూట తెరుస్తారా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, తెరవకపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఈ నాలుగూ సవ్యంగా ఉన్న చోట జనం కంచెను భరించారు. లేని చోట మమ్మల్ని శత్రువుల్లా చూశారు.


సాలూరు_ఘాట్
ఆదివారం సాయంత్రం 5.45

కంచె లేకుండానే తగాదా ఎలా ఉంటుందో చూడాలంటే మా కొటియా రండి. ఒకప్పుడు మేమంతా విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సర్వే కాకుండా మిగిలిపోయిన 21 కొండ ఊళ్లు అవి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి అన్న మాట అప్పటి నుంచి వింటూనే ఉన్నాం. 2021లో మన వాళ్లు పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారమని వాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు.

నేను అటు వైపు బడుల్లో పనిచేశాను. చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉంటాయి. రెండు వైపులా ఓటు వేసినవారున్నారు. సంతకు సాలూరు వస్తారు, కాగితం పనికి పొట్టంగి వెళ్తారు. ఒక ముసలాయనను "తాతా, మీది ఆంధ్రా? ఒడిశా?" అని అడిగాను. "మాది కొండ" అన్నాడు. ఇద్దరు కావాలనుకుంటున్నారు కాబట్టి ఆయనకు రెండు బియ్యం సంచులు వస్తున్నాయి. అదే రెండు దేశాలైతే రెండు తుపాకులు వచ్చేవి.

2015లో భారత్, బంగ్లాదేశ్ పరస్పరం మార్చుకున్న 162 చిట్ల ఊళ్ల గురించి చదివినప్పుడు నాకు కొటియాయే కళ్లముందు నిలిచింది. చుట్టూ పరాయి దేశం, మధ్యలో మన ముక్క. 68 ఏళ్లు ఏ దేశపు కరెంటూ, ఏ దేశపు బడీ లేకుండా బతికారు. జూలై 31 అర్ధరాత్రి సంతకాలు అమలులోకి వచ్చేసరికి అంతా తీరింది. ఆ పనికి గోడ అవసరం రాలేదు, కూర్చుని గీత సరిచేసుకోవలసి వచ్చింది.


పలాస_జీడితోట
ఆదివారం సాయంత్రం 6.20

గీత సరిచేసుకున్నారు కాబట్టే తీరిందంటున్నారు. నేనూ అదే అంటున్నాను. గీత స్పష్టంగా ఉండాలి. దాని మీద స్తంభం పాతితే తప్పేమిటి?


కళింగపట్నం_దీపం
ఆదివారం రాత్రి 8.30

గీత స్పష్టంగా ఉండాలన్నారు. సముద్రం మీద స్తంభం ఎక్కడ పాతమంటారు?

మాది వేట మీద బతికే ఇల్లు. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు నిలిపే రేవు లేక మా మగవాళ్లు వేలాదిగా గుజరాత్ వెరావల్ వెళ్లి పరాయి యజమాని బోట్ల మీద పనిచేస్తారు. ఆగస్టులో వెళ్తే వేసవికి వస్తారు. బోటును నడిపించేవాడిని తండేలు అంటాం, మిగిలినవారు కలాసీలు. తండేలు చేతిలో దారి చూపే యంత్రం ఉంటుంది. ఇంజను ఆగిపోయి నీటి వాలుకు కొట్టుకుపోతే, చేప వెంట వల లాగుతూ రాత్రంతా తిరిగితే, ఏ అల దగ్గర దేశం మారిందో ఎవరికి తెలుస్తుంది? అక్కడ గుజరాత్, సింధ్ మధ్య సర్ క్రీక్ అనే పాయ గొడవ తేలక, సముద్రంలో గీత ఎక్కడ మొదలవుతుందో భారత్, పాకిస్తాన్‌లకే ఒప్పందం లేదు. వాళ్లకే కనిపించని గీతను మావాళ్లు దాటారంటారు.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ మా తీరంలో ఆడవాళ్లు ఏ ఆఫీసు మెట్లు ఎక్కలేదో చెప్పండి. పాకిస్తాన్ నుంచి ఉత్తరం వస్తే చదివి పెట్టమని మా ఇంటికి తెచ్చేవారు. నేను చదువుతుంటే వాళ్లు అక్షరాల వైపు చూసేవారు కాదు, నా ముఖం వైపు చూసేవారు. ఉత్తరంలో ఏముందో నా ముఖంలో ముందే తెలిసిపోతుందని. ఒకామెకు భర్త వెళ్లేటప్పటికి మూడో నెల. అతను తిరిగి వచ్చేసరికి బిడ్డ నిలబడుతోంది.

జవాను గారు గేటు అన్నారు. భూమి మీద కంచెకు గేటు ఉంది, పేరు రాసే పుస్తకం ఉంది, సాయంత్రానికి తిరిగి వస్తారు. మా సముద్రానికి కంచె లేదు, గేటూ లేదు. ఉన్నది జైలు ఒక్కటే. వాఘా గేటు మాకు ఎంత దూరమో పటంలో చూడండి. నీటి మీద తప్పిపోయిన మనిషి పంజాబ్ దాకా వెళ్లి, నేల మీద గేటు దాటి రావాలి.


పలాస_జీడితోట
ఆదివారం రాత్రి 9.05

అమ్మా, క్షమించండి. నేను భూమినే దృష్టిలో పెట్టుకుని మాట్లాడాను.


విజయనగరం_వకీలు
ఆదివారం రాత్రి 9.50

కళింగపట్నం అమ్మగారూ, మీకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడికను భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. దాని 73వ అధికరణం ప్రకారం, తీరదేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు మీరినవారికి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీ ఇస్తే బోటును, మనుషులను త్వరగా వదలాలి. తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు ప్రాదేశిక జలాల్లో దొరికితే ఈ రక్షణ వర్తించదు. మనవాళ్లు ఎక్కడ దొరికారన్న ప్రశ్నతోనే సగం గొడవ అందుకే.

2008 మే నెలలో రెండు దేశాల మధ్య ఇంకో ఒప్పందం కుదిరింది. ఖైదీల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలల్లోపు మన దౌత్య అధికారులను కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత నిర్ధారణ అయ్యాక నెలలోపు పంపేయాలి. జాబితాలు మాత్రం ఏటా తప్పకుండా చేతులు మారుతున్నాయి. ఆలస్యమంతా ఆ "జాతీయత నిర్ధారణ" దగ్గరే. పేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంటుంది, కాగితాలు బోటుతో పాటే పోతాయి, ఇంటి దగ్గర నకళ్లు ఉండవు. కాగితం ఇక్కడి నుంచి అక్కడికి చేరేసరికి రుతువులు మారిపోతాయి.


నాగావళి_ఒడ్డు
ఆదివారం రాత్రి 10.15

గురువారం నేను ఏ పక్షాన మాట్లాడినా ఈ జాతీయత నిర్ధారణ సంగతి చెప్పి తీరుతాను. జవాను గారూ, ఒక ప్రశ్న. కంచె గేటు దగ్గర రైతు కార్డు పోగొట్టుకుంటే మీరు ఏం చేసేవారు?


కోటబొమ్మాళి_జవాను
సోమవారం ఉదయం 5.30

పుస్తకంలో ఉదయం వెళ్లినట్టు రాసి ఉంటుంది కదమ్మా. పేరు, ఊరు, సంతకం లేదా వేలిముద్ర. దాన్ని చూసి పంపేవాళ్లం. కొత్తగా వచ్చిన అధికారి ఒప్పుకోకపోతే ఊరిపెద్ద వచ్చి చెప్పేవాడు. ఒకసారి వానలో ఒక ముసలమ్మ కార్డు తడిసి ముద్దయిపోయింది. నేను పుస్తకం తీసి ఆమె వేలిముద్ర చూపిస్తే ఆమె దాన్ని చేత్తో నిమిరింది. ఆ పుస్తకం మా దగ్గర ఉండడం వల్లే ఆమె ఆ రాత్రి ఇంట్లో పడుకుంది.

వెరావల్ వెళ్లేవాళ్లకు అలాంటి పుస్తకం ఊళ్లోనే ఉండకూడదా? వెళ్లే ముందు ఎవరు, ఏ బోటు, ఏ తేదీ, ఆధార్ నకలు, మత్స్యకార గుర్తింపు కార్డు నకలు, ఫొటో, వేలిముద్ర. పంచాయతీలో ఒకటి, ఇంట్లో ఒకటి.


విజయనగరం_వకీలు
సోమవారం ఉదయం 7.20

ఉండాలి. అది ఉంటే నిర్ధారణకు నెలలు పట్టదు. పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో వెళ్లే ముందే సరిచూసుకోవచ్చు. నేను ఒక నమూనా పేజీ రాసి పెడతాను. ఇంకో పేజీలో 73వ అధికరణం, 2008 ఒప్పందం సులువైన తెలుగులో రాస్తాను. సముద్రంలో అది ఎవరినీ ఆపదు, ఆ మాట దాచను. ఇక్కడ అర్జీ పట్టుకుని తిరిగే ఇంటివాళ్ల చేతిలో ఉంటే చాలు.


కోటబొమ్మాళి_జవాను
సోమవారం ఉదయం 7.45

హిందీలో నేను రాస్తాను. నా హిందీ దస్తూరి బాగానే ఉంటుంది.


కళింగపట్నం_దీపం
సోమవారం రాత్రి 8.10

ఈ సాయంత్రం తీరంలో నలుగురు తండేళ్లకు చదివి వినిపించాను. ఒకాయన, "బోటు నంబరు వెరావల్ చేరాకే తెలుస్తుంది, అప్పుడు ఫోనులో చెబితే రాసుకుంటారా?" అని అడిగాడు. రాసుకుంటానన్నాను. పుస్తకం ఈ రోజే కొన్నాను, రెండు వందల పేజీలది. వకీలు గారూ, మీ నమూనా జూలై ఆఖరుకు అందాలి. ఆగస్టు మొదటి వారంలో మావాళ్లు రైలెక్కుతారు.